తెలియకుంటే అడగండి: గర్భిణి ప్రాణం మన చేతిలోని అమానతు



ఇస్లాంలో తల్లి స్థానం ఏమిటో మనలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. నా సేవకు అందరికన్నా ఎక్కువ హక్కు ఎవరికి ఉందని ఒక వ్యక్తి అడిగినప్పుడు మహాప్రవక్త ముహమ్మద్ (స) వరుసగా మూడుసార్లు తల్లినే పేర్కొని, నాలుగోసారి తండ్రిని పేర్కొన్నారు. ఈ హదీసు మన పిల్లలకు సైతం కంఠతా వచ్చు. దివ్యఖుర్ఆన్ లుఖ్మాన్ సూరా 14వ ఆయతులోనూ, అహ్ఖాఫ్ సూరా 15వ ఆయతులోనూ అల్లాహ్ తల్లి పడిన శ్రమను ప్రత్యేకంగా గుర్తుచేశాడు. ఆమె రోజురోజుకూ నీరసిస్తూ బిడ్డను మోసిందనీ, బాధ పడుతూ మోసి, బాధ పడుతూనే కన్నదనీ తెలియజేశాడు.

ఈ ఆయతుల మీద ప్రసంగించినప్పుడల్లా మనం ఎదిగిన కొడుకుల బాధ్యత గురించే మాట్లాడతాం. వృద్ధురాలైన తల్లిని చూసుకోవాలని చెప్పి ముగిస్తాం. అది అవసరమే. అయితే ఆ ఆయతులు వర్ణించిన శ్రమ ఏ వయసులో జరిగిందో ఎప్పుడైనా ఆలోచించామా? అప్పుడామె ముసలి తల్లి కాదు. ఎవరి ఇంట్లోనో కొత్త కోడలు. వంటగదిలో నిలబడి, వాచిన కాళ్లతో రొట్టెలు చేస్తున్న ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆ శ్రమను అల్లాహ్ గుర్తించాడు. ఆ ఇంటివారు గుర్తించారా అన్నదే ఈ నెల మన ముందున్న ప్రశ్న.

ఒక జనాజా మిగిల్చిన ప్రశ్న

కొన్నేళ్ల క్రితం అసర్ నమాజు తర్వాత మేము ఒక జనాజాలో పాల్గొన్నాం. చనిపోయినది తొలికాన్పు అమ్మాయి. బిడ్డ బతికింది. భర్త గల్ఫులో ఉన్నాడు, మట్టికి కూడా అందలేకపోయాడు. ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తూ అందరూ అన్న మాట ఒక్కటే: “తఖ్దీర్. అల్లాహ్ రాసింది అంతే.” మేమూ ఆ మాటే అన్నాం. ఆ ఇంటి పెద్దలకు సబ్ర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చాం.

తర్వాత అసలు సంగతి కొద్దికొద్దిగా తెలిసింది. ఎనిమిదో నెల దాటాక అమ్మాయి ముఖం, చేతులు వాచాయి. నెలలు నిండుతుంటే నీరు రావడం మామూలేనన్నారు. రెండు రోజులు తలనొప్పితో బాధపడింది. నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడిచారు. కళ్ల ముందు మెరుపుల్లా కనిపిస్తున్నాయంటే నిద్ర చాలక అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అని గల్ఫుకు ఫోను చేసి అడుగుదామనుకున్నారు, ఆ రాత్రి ఫోను కలవలేదు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఏదో గాలి సోకిందని తావీజు కోసం ఒకరు పరుగెత్తారు. ఆసుపత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైపోయింది.

ఆ ఇంట్లో దుర్మార్గులెవరూ లేరు. అందరూ ఆమెను ప్రేమించినవారే. కాని తెలియని విషయంలో తెలిసినట్లు మాట్లాడారు. ఇక మిమ్మల్ని నిందించే హక్కు మాకు లేదు. ఎందుకంటే ఎన్నో ఏళ్లుగా జుమా ప్రసంగాలు చేస్తూ, వ్యాసాలు రాస్తూ, ఈ ఒక్క సంగతీ మేమెన్నడూ ప్రస్తావించలేదు. ఇది ఆడవాళ్ల విషయమనుకున్నాం. ఆ మౌనానికి అల్లాహ్ ముందు మేమూ జవాబుదారులమే.

తెలియని సలహా ప్రాణం తీసింది

అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఒక ప్రయాణంలో ఒకతనికి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి అతనికి గుస్ల్ అవసరమయింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకునే వెసులుబాటు తనకుందా అని సహచరులను అడిగాడు. నీళ్లున్నాయి కాబట్టి లేదన్నారు వారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ సంగతి తెలిసి మహాప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. అతని చావుకు ఆ సలహా ఇచ్చినవారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి అడిగి తెలుసుకోవడమే మందని బోధించారు.

గమనించండి! సలహా ఇచ్చినవారికి చెడు ఉద్దేశం లేదు. వారు ధర్మాన్ని పాటించాలనే అన్నారు. అయినా మహాప్రవక్త (స) దాన్ని తఖ్దీర్ అని వదిలేయలేదు. “ఇదంతా మామూలే, మేం పది మందిని కనలేదా?” అని కోడలితో అనేముందు ప్రతి అత్తగారూ, “ఆడవాళ్లు చూసుకుంటారులే” అని బయటికి వెళ్లేముందు ప్రతి భర్తా ఈ హదీసును ఒకసారి గుర్తుచేసుకోవాలి.

రక్తపోటు: కనిపించని శత్రువు

ఆ అమ్మాయికి వచ్చినదాన్ని డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్ దాకా వస్తే అది ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అనేవారు. గర్భం దాల్చిన 20 వారాల తర్వాత రక్తపోటు 140/90 గానీ అంతకు మించి గానీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం దీని ముఖ్య గుర్తులు. మాయలోని రక్తనాళాలు సరిగా ఏర్పడకపోవడం దీనికి మూలమని పరిశోధకులు చెబుతున్నారు. అక్కడ మొదలైన ఇబ్బంది తల్లి మూత్రపిండాలకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, చాలామందికి మొదట్లో ఏ బాధా తెలియదు. బీపీ చూసే పట్టీ చేతికి కడితేనే బయటపడుతుంది. అందుకే ఒంట్లో బాగానే ఉన్నా ప్రతి పరీక్షకూ వెళ్లాలి.

దీని మీద జరిగిన పరిశోధన గురించి మన ఇళ్లలో తెలియాలి. మెగ్నీషియం సల్ఫేట్ అనేది ఖరీదైన మందేమీ కాదు. అది ఫిట్స్‌ను ఆపగలదా అని తేల్చడానికి 33 దేశాల్లో 10,141 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి మందు, మిగతా సగం మందికి మందు లేని ద్రావణం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వైద్యం చేసేవారికీ తెలియదు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. మందు తీసుకున్నవారిలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఈ రోజు మన ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ ఇస్తున్నారంటే దాని వెనుక అంతమంది తల్లుల సహకారం ఉంది. వారు మనకు తెలియదు. వారి మేలు మన కూతుళ్లకు అందుతోంది.

ఈ జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని ముందే గుర్తించి, గర్భం తొలి నెలల నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తే మేలు జరుగుతుందని కూడా తేలింది. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అలా ముందే తీసుకున్నవారిలో నెలలు నిండకముందే వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. అయితే దీన్ని ఎవరూ సొంతంగా కొని వేసుకోరాదు. ఎవరికి అవసరమో, ఎంత అవసరమో డాక్టరే నిర్ణయించాలి. ఇంతకుముందు కాన్పులో బీపీ వచ్చినవారు, షుగరు ఉన్నవారు, కవలలను మోస్తున్నవారు మూడో నెలలోనే ఈ సంగతి అడగాలి.

కాన్పు తర్వాత రక్తస్రావం

ప్రపంచంలో తల్లుల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం. బిడ్డ పుట్టగానే ఇంట్లో అందరూ బిడ్డ చుట్టూ చేరతారు. చెవిలో అజాన్ చెబుతారు, మిఠాయిలు పంచుతారు. సరిగ్గా ఆ గంటలోనే తల్లిని కనిపెట్టుకుని ఉండాలి. గర్భసంచి గట్టిపడి ముడుచుకోకపోతే రక్తం ధారగా పోతుంది. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇందులోనూ పరిశోధన దారి చూపింది. జపానులో ఉతాకో ఒకమోతో అనే వైద్యురాలు, ఆమె భర్త 1960ల నాటి పరిశోధనలో ట్రానెక్జామిక్ యాసిడ్ అనే మందును కనుగొన్నారు. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లులను కాపాడాలన్నదే ఆమె ఆశ. చాలా ఏళ్ల తర్వాత 21 దేశాల్లో 20,060 మంది తల్లులపై దాన్ని పరీక్షించి చూశారు. అందులో పాకిస్తాన్, నైజీరియా తల్లులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2017లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన 3 గంటల లోపు ఆ మందు ఇస్తే రక్తస్రావం వల్ల కలిగే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. 3 గంటలు దాటాక ఇస్తే ప్రయోజనం కనిపించలేదు. సోదరులారా, ఆ 3 గంటలు మన చేతుల్లో ఉన్నాయి. ఆటో కోసం, డబ్బు కోసం, పెద్దల అనుమతి కోసం మనం వాటిని ఖర్చు చేసేస్తున్నాం.

మరో సంగతి వినండి. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే అనుభవం ఉన్నవారు కూడా పొరబడతారు. అందుకని తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ గుడ్డ పరిచి, రక్తాన్ని కొలిచి, హద్దు దాటగానే అవసరమైన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం వంటి ప్రమాదాలు 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. అంచనాను వదిలి కొలతను పట్టుకున్నారు, ఆలస్యాన్ని వదిలారు. అంతే.

మన పొరుగున కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో 1,620 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. కాన్పు కాగానే నర్సులు మిసోప్రోస్టాల్ మాత్రలు ఇవ్వగా రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి దిగింది. పల్లెలో పనిచేసే నర్సమ్మ చేతి మాత్ర కూడా ప్రాణం నిలపగలదని దీంతో తేలింది.

వైద్యం చేయించడం తవక్కుల్‌కు విరుద్ధమా?

కొందరు సోదరులు అడుగుతారు: చావు పుట్టుకలు అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు ఇన్ని పరీక్షలెందుకు? నిజమే, ఆయన అనుమతి లేనిదే ఆకైనా రాలదు. అయితే ఒంటెను కట్టేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమని నేర్పింది మహాప్రవక్తే (స). ముసలితనానికి తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ సృష్టించలేదని, వైద్యం చేయించుకోమని చెప్పిందీ ఆయనే. మందు ఉందని మనకు ఆ మాటతో తెలిసింది. దాన్ని వెదికి పట్టుకునే పనే పరిశోధన. పూర్వం మన పండితులు ఈ పనిని ఇబాదత్‌గా భావించి చేశారు. ఖుర్తుబాకు చెందిన అజ్జహ్రావీ, వెయ్యేళ్ల క్రితం, 30 భాగాల తన వైద్య గ్రంథంలో బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మంత్రసానులు ఏం చేయాలో వివరంగా రాశారు.

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) వృత్తాంతం చూడండి. భర్త లేకుండానే ఆమెకు బిడ్డను ప్రసాదించిన అల్లాహ్‌కు, ఆమె నోటి దగ్గరికి ఖర్జూరాలు చేర్చడం కష్టమా? అయినా పురిటి నొప్పులతో ఉన్న ఆమెతోనే చెట్టు మొదలును ఊపమన్నాడు. కాళ్ల దగ్గర నీటి ఊటను చూపించాడు. తినమని, తాగమని, కళ్లు చల్లబరచుకోమని ధైర్యం చెప్పించాడు. అంతటి మహిమాన్విత సందర్భంలో కూడా ప్రయత్నమూ ఉంది, ఆహారమూ ఉంది, ఓదార్పూ ఉంది. మన ఇళ్లలో గర్భిణికి ఈ మూడింటిలో ఏది అందుతోంది?

కాన్పులో మరణించిన స్త్రీకి షహీద్ స్థానం లభిస్తుందని హదీసుల్లో ఉంది. అది ఆమెకు అల్లాహ్ చేసిన గౌరవం, ఆమెను కోల్పోయినవారికి ఊరట. దాన్ని మన నిర్లక్ష్యానికి సాకుగా చేసుకోరాదు. యుద్ధంలో మరణించినవాడు షహీద్ అయినంత మాత్రాన, అతణ్ని డాలు లేకుండా పంపినవాడి తప్పు మాసిపోతుందా?

భర్తలకు రెండు మాటలు

బద్ర్ యుద్ధం కన్నా ముఖ్యమైన పని ఆ రోజు ముస్లిములకు ఏముంది? అయినా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ యుద్ధానికి వెళ్లలేదు. ఆయన భార్య, మహాప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుతో ఉన్నారు. ఆమె దగ్గరే ఉండమని మహాప్రవక్త (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి దక్కే పుణ్యమూ, వాటా కూడా ఆయనకు ప్రకటించారు. ఇక నెలకొకసారి భార్యను పరీక్షకు తీసుకెళ్లడానికి ఒక పూట దుకాణం మూయలేమా?

విడాకులిచ్చిన భార్య గర్భవతి అయితే ప్రసవించేదాకా ఆమె ఖర్చు భరించాలని తలాఖ్ సూరా 6వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. బంధం తెగిన స్త్రీ విషయంలోనే ఇంత బాధ్యత ఉంటే, బంధంలో ఉన్న భార్య విషయంలో ఎంత ఉండాలి? పరదేశంలో ఉన్నవారికి మా మనవి ఒక్కటే. ఏడో నెల రాకముందే మీ ఇంటివారికి స్పష్టంగా చెప్పండి: “నా కోసం, నా అనుమతి కోసం ఆగొద్దు. ఇబ్బంది అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.” ఈ ఒక్క మాట ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.

ఉపవాసం, పర్దా, ఆపరేషన్

రమజానులో చాలామంది చూలింతలు డాక్టరు వద్దన్నా రోజా వదలరు. చుట్టుపక్కలవారు ఏమంటారోనన్న భయం కొందరిది. గర్భిణికి, పాలిచ్చే తల్లికి అల్లాహ్ రోజా విషయంలో వెసులుబాటు ఇచ్చాడని హదీసు స్పష్టంగా చెబుతోంది. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయం ఉన్నప్పుడు ఆ వెసులుబాటును స్వీకరించడం ఈమాన్ లోపం కాదు. హాని సంగతి డాక్టరును అడగండి. ఆ తర్వాత ఖజా ఎలా తీర్చాలో ఉలమాను అడగండి.

లేడీ డాక్టరు ఉండాలని కోరుకోవడం మంచిదే. అందుకే ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి. కాని ప్రాణం మీదికి వచ్చిన వేళ లేడీ డాక్టరు దొరకకపోతే మగ డాక్టరు వైద్యం చేయవచ్చని ధర్మపండితులు అనుమతించారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను రుఫైదా అనే స్త్రీ గుడారంలో ఉంచి చికిత్స చేయించింది మహాప్రవక్తే (స).

ఆపరేషన్ విషయంలో రెండు వైపులా పొరపాటు జరుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కు పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. కాబట్టి ఎందుకు అవసరమని అడిగి తెలుసుకోవడం మన హక్కు. మంచి రోజు చూసుకుని కోయించుకోవడం తప్పు. అలాగే, నిజంగా అవసరమని చెప్పిన తర్వాత సంతకం పెట్టకుండా గంటలు గడపడమూ తప్పే.

మన ఇళ్లలో ఏం చేయాలి?

మొదటిది రక్తహీనత. అదే సర్వే ప్రకారం మన దేశంలో సగానికి పైగా గర్భిణులు రక్తం తక్కువై ఉన్నారు. అసలే రక్తం తక్కువైన తల్లి కాన్పులో కాస్త పోయినా తట్టుకోలేదు. కాబట్టి ఇనుము మాత్రలు తప్పకుండా వేసుకోవాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది కోడలు తినే అలవాటు మారాలి.

రెండోది పరీక్షలు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష జరుగుతోంది. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మూడోది ప్రమాద సూచనలు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, ఫిట్స్, రక్తం కనబడడం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి. కాన్పు అయిపోయిందని కూడా నిశ్చింతగా ఉండవద్దు. పురుటి తర్వాత కొన్ని వారాల వరకు బీపీ, ఫిట్స్ ప్రమాదం ఉంటుంది. గంటలో ఒక పెద్ద గుడ్డ పూర్తిగా తడిసిపోతుంటే అది మామూలు మైల కాదు.

నాలుగోది ముందస్తు ఏర్పాటు. ఏ ఆసుపత్రి, ఏ బండి, ఎవరు తోడు, అదే గ్రూపు రక్తం ఇచ్చేదెవరు అని ఎనిమిదో నెలలోనే నిర్ణయించుకోవాలి. మన మస్జిదు కమిటీలు, యువజన సంఘాలు రక్తదాతల పేర్లు, ఫోను నంబర్లు రాసి ఉంచుకుంటే అర్ధరాత్రి వేళ అదెంత పెద్ద సదఖా అవుతుందో ఆలోచించండి. ఒక ప్రాణాన్ని నిలబెట్టడం సమస్త మానవుల్ని బతికించడంతో సమానమని మాయిదా సూరా 32వ ఆయతు తెలియజేయడం లేదా?

ఈ ప్రయత్నాలు వృథా పోవడం లేదు. మన దేశంలో లక్ష కాన్పులకు 2001-03లో 301 మంది తల్లులు చనిపోగా, 2020-22 నాటికి ఆ సంఖ్య 88కి దిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో 195 ఉండగా, 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 అయింది. అంటే ఒకప్పుడు తఖ్దీర్ అని మనం మట్టి వేసి వచ్చిన ఎన్నో మరణాలకు అల్లాహ్ మందు కూడా రాసే ఉంచాడు. మనం అడగలేదు, వెదకలేదు, కదలలేదు.

ఆ జనాజా నాటి పసిబిడ్డ ఇప్పుడు మా వీధి మక్తబుకే వస్తోంది. లుఖ్మాన్ సూరా చదివే వయసు వచ్చింది. తల్లి గురించిన ఆ ఆయతు దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు దాని అర్థం ఎలా చెప్పాలో మాకు ఇంకా తెలియడం లేదు. మరో బిడ్డకు అలా చెప్పాల్సిన పరిస్థితి మా ముందుకు రాకూడదన్న తపనతోనే ఈ నాలుగు మాటలు రాశాం.

ఓ అల్లాహ్! మా ఇళ్లలోని గర్భిణులను, బాలింతలను నీ రక్షణలోకి తీసుకో. వారి శ్రమను గుర్తించే హృదయాన్ని మాకివ్వు. తెలియనిది అడిగే వినయాన్ని, తెలిసినప్పుడు వెంటనే కదిలే చురుకుదనాన్ని ప్రసాదించు. కాన్పులో మాకు దూరమైన తల్లులందరికీ షహీదుల స్థానం అనుగ్రహించు. వారి విషయంలో మా వల్ల జరిగిన లోపాలను మన్నించు. ఆమీన్.